మామగారి నవ్వు

ఆ ఉదయం టీచరమ్మ ప్లాను చాలా తేలికైనది. ఫ్రీజర్‌లోంచి స్టీలు గ్లాసు తీయాలి, తువ్వాలు చుట్టి సంచిలో పెట్టుకోవాలి, మొదటి పీరియడ్‌లో తొమ్మిదో తరగతికి ఐసు నీళ్ళవడం, నీళ్ళు ఆవిరవడం చూపించాలి. అంతే. కాకపోతే ఆ పాఠం చూడ్డానికి ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు. ఆయన బాగుందంటే మూడేళ్ళుగా చేస్తున్న తాత్కాలిక ఉద్యోగం ఖాయమవుతుంది. బాగాలేదంటే రేపటి నుంచి ఇంట్లోనే.

ఇంట్లో ఉండడమంటే మామగారితో ఉండడం. రిటైరైన పోస్ట్‌మాస్టరు. ఆయన నవ్వగా చూసిన మనిషి లేడు. సొంత పెళ్ళి ఫొటోలోనూ కోపంగానే ఉన్నారు పాపం.

"అమ్మాయ్! నా కట్టుడుపళ్ళేవీ? రాత్రి సింకు పక్కన గ్లాసులో నీళ్ళు పోసి పెట్టానే!"

"నేను చూళ్ళేదు మామయ్యగారూ! బస్సుకి టైమైపోయింది!"

నిజమే, ఆమె చూడలేదు. నిన్న పడుకోబోతూ ఐసు సంగతి గుర్తొచ్చి, చేతికందిన నీళ్ళ గ్లాసును తొంగి చూడకుండా ఫ్రీజర్‌లోకి తోసేసింది. చూసే ఓపిక ఎవరికుంది!

టైలరైన భర్త, మెడలో టేపుతో సహా మంచం కిందికి దూరాడు. "పిల్లి ఎత్తుకుపోయిందేమో నాన్నా."

"దానికి పళ్ళు లేవట్రా?" అని కసిరారు మామగారు.

స్కూల్లో టీచరమ్మ ఐసుగడ్డను గాజు బీకరులోకి జార్చి, కింద స్పిరిట్ దీపం వెలిగించింది. ఇన్‌స్పెక్టరు నోట్‌బుక్కు తెరిచారు. వెనక బెంచీలు ఆవలించాయి.

"ఇది ఘనపదార్థం. ఇప్పుడు ద్రవమవుతుంది. ఏం మార్పొస్తుందో జాగ్రత్తగా చూడండి."

చూశారు.

"మేడమ్," అంది ముందు బెంచీ పిల్ల, "ఐసు నవ్వుతోంది!"

గులాబీ రంగు చిగుళ్ళు, వరసగా తెల్లటి పళ్ళు! అవి ఎవరివో టీచరమ్మ గుర్తుపట్టింది. ఆవిరి కమ్మితే కనబడవులే అని ఇంకో దీపం కూడా అంటించింది. అదే కొంప ముంచింది. నీళ్ళు తెర్లాయి, పళ్ళు లేచి గాజుకు కొట్టుకుంటూ టకటకమన్నాయి. క్లాసంతా బెంచీలెక్కింది.

సరిగ్గా అప్పుడే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మామగారు, వెనకాలే భర్త గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. ఇల్లంతా వెతికాక, టీచరమ్మ సంచిలో పెట్టుకెళ్ళిన గ్లాసు ఏదో వాళ్ళకు తట్టింది.

"నా పళ్ళు ఉడకబెడుతున్నావా!"

టీచరమ్మకు ఏడుపొక్కటే తక్కువ. ఉద్యోగం గోవిందా అనుకుంటూ దీపాలు ఆర్పేసింది. ఇన్‌స్పెక్టరు లేచి, ఆవిరి పట్టిన కళ్ళజోడు తుడుచుకుని, పిల్లల వైపు తిరిగారు.

"ఐసు కరిగింది. నీళ్ళు ఆవిరయ్యాయి. మరి పళ్ళెందుకు కరగలేదు?"

నలభై చేతులు లేచాయి. "వాటికా వేడి చాలదు సార్! ఒక్కో పదార్థం ఒక్కో వేడికి కరుగుతుంది!" అని అరిచింది ఆవలించిన వెనక బెంచీయే.

"ఇరవై ఏళ్ళుగా తనిఖీలు చేస్తున్నా. ఈ పాఠానికి నిద్రపోని క్లాసు ఇదొక్కటే," అంటూ ఆయన అక్కడికక్కడే సంతకం పెట్టేశారు.

ఉద్యోగం ఖాయమైంది. పళ్ళు కరగలేదు గానీ, కింది చిగురు వేడికి మెత్తబడి, రెండు కొసలా పైకి వంగి, చల్లారాక అలాగే బిగుసుకుపోయింది. ఆ సాయంత్రం మామగారు వాటినే పెట్టుకుని కోడలిని గంటసేపు తిట్టారు, నోరారా నవ్వుతూ.