తొమ్మిదిమంది గురూజీలు

ఆ గురువారం ఉదయం ఉజ్వలా ఖరాత్ వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. స్నానం చేసి, ఇంత అటుకుల పోహే తిని, టీ తాగి, జానెడు పొడవున్న పసుపు చొక్కాకి ఇస్త్రీ చేసుకుని బడికి చేరాలి. పదకొండింటికి ఆ చొక్కా ఓవీకి తొడగాలి. ఓవీ నాలుగో తరగతికి పాఠం చెప్తుంది. బళ్ళు తనిఖీ చేసే డోంగరే సాహెబ్ అది చూసి ముచ్చటపడి, సంతకం పెట్టి వెళ్ళిపోతారు. అంతే.

ఓవీకి ఎనిమిదో నెల.

నెలకోసారి వాళ్ళమ్మ రేష్మా ఓవీని నాగర్‌వాడి బడికి తీసుకొస్తుంది. గది మధ్యలో ఆకుపచ్చ జంపఖానా పరిచి పాపని దాని మీద వదులుతారు. చుట్టూ పిల్లలు కూర్చుంటారు. పాప బోర్లా పడి ముందుకు పాకుతుంది, బొమ్మ అందక మూలుగుతుంది, ఉన్నట్టుండి నవ్వుతుంది. "గురూజీకి ఇప్పుడెలా ఉంది?" అని ఉజ్వల అడుగుతుంది. "కోపమొచ్చింది బాయీ" అంటాడొకడు. టీచరమ్మని ఆ ఊళ్ళో బాయీ అనే పిలుస్తారు. "కోపం కాదు బాయీ, భయం" అంటుంది ఇంకొకతె. "మరి నీకెప్పుడైనా అలా అనిపించిందా?" అని ఉజ్వల అడగ్గానే అసలు పాఠం మొదలవుతుంది. తన మనసులో ఏముందో, ఎదుటివాడి మనసులో ఏముందో పెద్దవాళ్ళు చెప్తే పిల్లల తలకెక్కదనీ, పసిపాప చెప్తే ఎక్కుతుందనీ ఆమె నమ్మకం. పసుపు చొక్కా మీద "గురూజీ" అని ఎర్రదారంతో కుట్టింది ఆ తరగతి పిల్లలే.

నమ్మకానికి ఆధారం కూడా ఉంది. దాని పేరు సార్థక్. జూన్‌లో బడి తెరిచినప్పుడు ఎవడు కనిపిస్తే వాణ్ణి గుద్దేవాడు. మూడో పాఠం రోజు ఓవీ వాడి చూపుడువేలు పట్టుకుని నిద్రపోయింది. మధ్యాహ్న భోజనం గంట కొట్టినా వాడు కదల్లేదు. ఆ తర్వాత వాడు పూర్తిగా మారిపోయాడని చెప్పలేం గానీ, ఇప్పుడు గుద్దే ముందు "నాకు కోపమొస్తోంది, పక్కకి జరుగు" అని చెప్తున్నాడు. చాలామంది జరుగుతున్నారు.

డోంగరే సాహెబ్‌కి మాత్రం ఇదంతా కాలక్షేపం. పోయిన నెల మీటింగులో, "నవ్వడం, ఏడవడం నేర్పడానికి బడి ఎందుకు? అవి ఇంట్లో నేర్చుకునే వస్తారు. ఎక్కాలు చెప్పండి" అన్నారు అందరి ముందూ. స్వయంగా చూసి, ఉంచాలో మాన్పించాలో తేలుస్తానన్నారు. తేల్చేది ఈ రోజే. అందుకే ఉజ్వల ఆ చిన్న చొక్కాని రెండోసారి ఇస్త్రీ చేస్తోంది. అప్పుడు ఫోను మోగింది.

"బాయీ, నిన్న ఓవీకి సూది వేయించాం. రాత్రంతా ఒళ్ళు కాలిపోయింది" అంది రేష్మా. "ఇప్పుడే కాస్త కునుకు తీసింది. సాహెబ్ వస్తారని తెలుసు, తెమ్మంటే తెస్తా..."

"వద్దొద్దు! పడుకోనీ. లేపావంటే నేనొప్పుకోను" అంది ఉజ్వల. ఫోను పెట్టేశాక చేతిలో చొక్కా వైపు చూసుకుంది. చొక్కా ఉంది, గురూజీ లేడు.

బడికి పరిగెత్తింది. వంటగదిలో శాంతా మావ్షీ, అంటే శాంత పిన్ని, కిచిడీ కలుపుతోంది.

"మావ్షీ, మీ వీధిలో ఎవరికైనా చంటిపాప ఉందా? ఒక్క గంటకి కావాలి. మళ్ళీ ఇచ్చేస్తా."

"గంటకి పాపేంటి బాయీ, రోలా రోకలా అడిగి తేవడానికి?" అని మావ్షీ నవ్వింది. "సరేలే, మా ఆడబడుచుకి ఫోను చేస్తా. దాని మనవడున్నాడు."

అక్కడితో ఆగి ఉంటే కథే లేదు. కానీ ఉజ్వల నిజాయితీపరురాలు. వెళ్ళి హెడ్మాస్టర్ రావ్‌సాహెబ్ చౌగులేకి కూడా చెప్పింది. చౌగులే సర్ పైఅధికారి పేరు వింటేనే లేచి నిలబడే మనిషి.

"ఓవీ రావట్లేదా? సాహెబ్ కొల్హాపూర్ దాటేశారు బాయీ! పాప లేకుండా పాప పాఠం ఎలా చూపిస్తావు? దిండు పడుకోబెడతావా?"

"మావ్షీ వాళ్ళ ఆడబడుచు మనవణ్ణి..."

"ఆ ఆడబడుచుని నమ్ముకుంటే మనం మునిగినట్టే. నువ్వు క్లాసులో ఉండు. నేను చూసుకుంటా."

ఆయన చూసుకున్నారు. గ్రామపంచాయతీ బంట్రోతుకి ఫోను చేసి, "బడికో చంటిబిడ్డ కావాలి, కొల్హాపూర్ సాహెబ్ చూస్తారు, ఆరోగ్యంగా ఉన్నదే పంపండి, జ్వరాలున్నవి వద్దు" అన్నారు. బంట్రోతు ఆ మాటల్ని కాస్త చక్కదిద్ది మైకులో అందుకున్నాడు. ఊరంతా వినిపించింది.

"తల్లులందరికీ మనవి! ఏడాదిలోపు పిల్లల్ని పదకొండింటికి బడికి తీసుకురావాలి! ఆరోగ్యంగా ఉన్న బిడ్డని కొల్హాపూర్ సాహెబ్ స్వయంగా ఎంపిక చేస్తారహో!"

నాగర్‌వాడికి ఈ మాటకి అర్థం ఒక్కటే: బాలల ఆరోగ్య పోటీ. మూడేళ్ళ కిందట జరిగిన పోటీలో మొదటి బహుమతి ప్రెషర్ కుక్కరు. అది గెలిచిన ఇంటికీ, గెలవని ఇంటికీ ఇప్పటికీ మాటల్లేవు.

నాలుగో తరగతి గుమ్మంలో నిలబడ్డ ఉజ్వలకి గేటు దగ్గర చంకలో బిడ్డతో ఒకామె కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. "అమ్మయ్య! రండి, రండి!" అంటూ ఎదురెళ్ళింది. ఆమె వెనక ఇంకొకామె ఉంది. ఆమె వెనక మావ్షీ ఆడబడుచు. ఆ వెనక ఒక స్కూటరు మీద నలుగురు, అందులో ఇద్దరు పసివాళ్ళు. బడి ఆవరణ పెళ్ళిపందిరిలా నిండిపోయింది. ఒక పాపకి తొమ్మిది గజాల చీర కట్టుని జానెడు గుడ్డలో కట్టారు. ఒక బాబుకి తురాయి పెట్టిన ఫేటా చుట్టారు. తలపాగా కింద తల ఎక్కడుందో వెతుక్కోవాలి. కాటుకచుక్కలు బుగ్గలంత ఉన్నాయి.

"పోటీ ఏమీ లేదమ్మా!" అంది ఉజ్వల చేతులూపుతూ. "నాకు ఒక్క పాప చాలు!"

"అదే కదా బాయీ, ఒక్కదానికేగా మొదటి బహుమతి" అంది చీరపాప తల్లి. "మాదాన్ని చూడండి."

"పోటీ లేదనే అంటారు ముందు. చివర్లో తెలిసినవాళ్ళకి ఇచ్చేసుకుంటారు" అంది ఫేటా బాబు తల్లి.

సరిగ్గా అప్పుడే అంగన్‌వాడీ నడిపే సులభాతాయీ తూకం మిషను మోసుకుంటూ వచ్చింది. "నాకు చెప్పకుండా పోటీ పెడతారా చౌగులే సర్? తూకం లేకుండా ఎలా తేలుస్తారు?" అంటూ దాన్ని మెట్ల మీద దబ్బున దింపింది. ఇంకెవరైనా ఉజ్వల మాట నమ్మడానికి సిద్ధంగా ఉంటే, ఆ మిషను చూశాక మానుకున్నారు.

"ముందు ఆ వెండి మొలతాడు తియ్యండి! బరువంతా దాందే!"

"నీ కొడుక్కి పొద్దుట్నించీ నీళ్ళు పట్టించావు, నేను చూడలేదనుకున్నావా?"

ఈ దశలో జీపు వచ్చి ఆగింది.

డోంగరే సాహెబ్ కాలు కింద పెట్టారో లేదో, ఫేటా బాబు తల్లి బిడ్డని ఆయన చేతుల్లో పెట్టేసింది. "మోసి చూడండి సాహెబ్! తూకంతో పనేముంది, మీ చెయ్యే చెప్తుంది!" బాబు సాహెబ్‌ని పరీక్షగా చూసి, కళ్ళజోడు లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళజోడు లేకపోతే డోంగరే సాహెబ్‌కి లోకమంతా రంగురంగుల మసక. బిడ్డ ఎవరిదో, ఎవరికి తిరిగివ్వాలో తెలియక చుట్టూ తిరిగారు.

"చౌగులే! ఏమిటిది? టీకాల శిబిరమా?"

చౌగులే సర్ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఏ సాహెబ్‌కీ కాదని చెప్పలేదు. "అవును సాహెబ్!" అన్నారు.

"టీకాలా?" అని ఒక నాయనమ్మ కేకపెట్టింది. "పోటీ అని పిలిచి సూదులు పొడుస్తారా? నిన్నే పొడిపించాం గదయ్యా!"

తల్లులు బిడ్డల్ని గుండెలకి హత్తుకుని వెనక్కి తగ్గారు. హత్తుకోవడం కాస్త గట్టిగానే జరిగింది. చీరపాప గుక్కపట్టింది. అది విని పక్కపాప, దాన్ని విని స్కూటరు పిల్లలిద్దరూ అందుకున్నారు. ఒక్క నిమిషంలో బడి ఆవరణలో పసివాడన్న ప్రతివాడూ ఏడుస్తున్నాడు. "ఆపండి! ఆపమంటున్నాను!" అని సాహెబ్ గర్జించారు. ఏడుపు రెట్టింపైంది.

ఉజ్వల స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. అయిపోయింది. ఇన్ని నెలల పని, పిల్లలు కుట్టిన చొక్కా, అన్నీ అయిపోయాయి. రేపట్నించి ఎక్కాలే. ఎవరో కొంగు లాగారు. చూస్తే గౌరీ, ముందు వరసలో కూర్చునే పిల్ల.

"బాయీ, మీకిప్పుడెలా ఉంది?"

"ఇప్పుడా గౌరీ?"

"ఎప్పుడైనా అడగొచ్చని మీరే అన్నారు."

ఉజ్వల ఆ పిల్ల ఎత్తుకి వంగింది. "భయంగా ఉంది. ఏడుపొస్తోంది. హెడ్మాస్టర్ గారి మీద కోపంగా కూడా ఉంది."

పక్కనే ఉన్న హెడ్మాస్టర్ గారు తల తిప్పుకున్నారు.

"సరే బాయీ, మీరు కాసేపు కూర్చోండి" అని గౌరీ లోపలికి పరిగెత్తింది. క్షణంలో నాలుగో తరగతి మొత్తం జంపఖానాలూ చాపలూ పట్టుకుని బయటికొచ్చింది. ఎవరూ అరవలేదు. ముగ్గురు నలుగురేసి ఒక్కో తల్లి దగ్గరికి వెళ్ళి, "మీ గురూజీని ఇక్కడ పడుకోబెడతారా? మేం ముట్టుకోం, చూస్తాం" అన్నారు. ఆ మర్యాదకి తెల్లబోయి తల్లులు కూర్చున్నారు. పిల్లలు బోర్లా పడుకుని, గడ్డాలు చేతుల్లో పెట్టుకుని, పసివాళ్ళని గమనించడం మొదలుపెట్టారు.

"ఈ గురూజీకి కోపం కాదు. జరీ గుచ్చుకుంటోంది. మెడ చూడు, ఎర్రగా ఉంది."

"ఈయనకి నిద్రొస్తోంది. చెవి లాక్కుంటున్నారు."

"ఆంటీ, ఈమెకి ఆకలి. చెయ్యంతా నోట్లోనే ఉంది. తూకం అయ్యేదాకా పాలివ్వకూడదన్నారా?"

ఆంటీ సిగ్గుపడి బిడ్డని ఒళ్ళోకి తీసుకుంది. జరీచీర ఊడింది, గాజులు ఊడాయి, మొలతాడు ఊడింది. ఒక్కొక్క ఏడుపే తగ్గుతూ వచ్చింది. చివరికి ఒకటే మిగిలింది, అది సాహెబ్ చేతుల్లో. సార్థక్ ఆయన ఎదుటికి వెళ్ళాడు. గుద్దుతాడేమోనని ఉజ్వల ముందుకు అడుగేసింది.

"సాహెబ్, మీరు నిలబడితే గురూజీకి భయం. కూర్చోండి."

"ఏ గురూజీ?"

"మీ చేతిలో ఉన్నాయన."

సాహెబ్ మెట్ల మీద కూర్చున్నారు.

"ఫేటా బిగుసుకుంది. తియ్యనా అని అడగండి."

"ఎవర్ని?"

"గురూజీనే."

డోంగరే సాహెబ్ ఒకసారి చుట్టూ ఉన్న మసకని చూసి, గొంతు తగ్గించి, "తియ్యనా గురూజీ?" అన్నారు. బాబు ఏడుపు ఆపి ఆ గొంతు వైపు చూశాడు. ఫేటా ఊడింది. నుదుటి మీద గీత పడి ఉంది. సాహెబ్ దాన్ని బొటనవేలితో మెల్లగా రుద్దారు. బాబు నిట్టూర్చి, ఆయన భుజం మీద తల వాల్చి, చొక్కా జేబంతా చొంగతో తడిపాడు.

"ఇప్పుడు మీకెలా ఉంది సాహెబ్?" అని సార్థక్ అడిగాడు.

"నాకా?" అన్నారు సాహెబ్. బాబుని ఇంకో భుజానికి మార్చుకున్నారు. తర్వాత మొదలుపెట్టారు. మోకాలు నొప్పి. రోజూ జీపులో కుదుపులు. పైవాళ్ళు తన మాట సగం కూడా వినకుండానే ఫోను పెట్టేస్తారు. కిందివాళ్ళు ఏమడిగినా అవుననే అంటారు, ఏది నిజమో తెలిసి చావదు. ఇంట్లో కొడుకు వారం నుంచి మాట్లాడట్లేదు. సార్థక్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"నాక్కూడా అలాగే అవుతుంది సాహెబ్" అన్నాడు. "మీకు కోపమొస్తే ముందే చెప్పండి. జరుగుతారు."

తల్లులు మాత్రం బహుమతి తేలందే కదలమన్నారు. చౌగులే సర్ భోజనాలకి తెప్పించిన అరటిపళ్ళ గెల దింపించి, అందరూ మొదటి బహుమతే అని తలా ఒక డజను పంచి సాగనంపారు. జరీగుడ్డలు ఎవరివెవరివో తేలడానికి ఇంకో గంట పట్టింది.

అందరూ వెళ్ళాక ఉజ్వల తలవంచుకుని సాహెబ్ ముందు నిలబడింది. "సాహెబ్, క్షమించండి. అసలు ఇది ఇలా కాదు..."

"క్షమించడమేంటి బాయీ!" డోంగరే సాహెబ్ లేచి నిలబడ్డారు. ముఖం వెలిగిపోతోంది. "ముప్పై మంది పిల్లలు, తొమ్మిదిమంది పసివాళ్ళు! ఇంతటి ప్రదర్శన నేనెక్కడా చూడలేదు. ముందు గందరగోళం సృష్టించి, తర్వాత పిల్లల చేత సర్దించడం! ఎంత ఆలోచన! చౌగులే, ఇదంతా కావాలనే చేశారు కదూ?"

"అవును సాహెబ్" అన్నారు చౌగులే సర్.

"కాదు సాహెబ్!" అంది ఉజ్వల. "ఒక్క పాప చాలు. పద్ధతే అది. నెలనెలా అదే పాప, ప్రశాంతంగా..."

"వినయం వద్దు బాయీ. నేను కళ్ళారా చూశాను" అన్నారు సాహెబ్. ఆయన చూస్తున్నంతసేపూ కళ్ళజోడు బాబు దగ్గరే ఉందని గుర్తుచేసే ధైర్యం అక్కడెవరికీ లేదు.

సోమవారానికల్లా ఉత్తర్వు వచ్చింది. పాఠం ఆగలేదు సరికదా, తాలూకాలోని ప్రతి బడిలో నెలనెలా జరగాలి. ఉజ్వల ఆనందంతో సార్థక్‌ని ఎత్తి తిప్పబోయి, ముందు అడిగి, వాడు సరేనన్నాక తిప్పింది. ఆ తర్వాతే రెండో పేజీ చదివింది. ఒక్కో పాఠానికి తొమ్మిదిమంది పసిపిల్లలకి తగ్గకూడదు, అందరూ పండగ బట్టల్లో ఉండాలి, తూకం తప్పనిసరి.

మరుసటి నెలకల్లా ఆ తాలూకాలో ఏడాది నిండని వాళ్ళెవరికీ క్షణం తీరిక లేకుండా పోయింది.