దాలయ్య వంతు

ఆ లక్ష్మివారం పొద్దున దాలయ్య రెండే పనులు పెట్టుకున్నాడు. గడ్డం గీసుకోవడం, పదింటికి పెళ్లాం చేసే వీడియో ఫోను ఎత్తడం. గౌరీశ్వరి అలిగి రాయగడలో అక్కగారింటికి పోయి నెల దాటింది. "మీతోటి కాపరం గోడతోటి కాపరం. లచ్చివారం పదింటికి ఫోన్ సేత్తాను. నాతో మాటాడాలనుంటే ఎత్తండి. లేదంటే ఇంక నేను రాను" అని కబురంపింది.

కల్యాణసింగ్‌పూర్ బజారులో దాలయ్యది చింతపండు, పసుపు టోకు కొట్టు. బేరానికి పనికిరాని మాట ఆయన నోట రాదు.

ఆ బజారులో సిగ్నల్ కూడా అంతే. అందరి ఫోన్లూ ఒక్కసారి ఎగబడేవి, ఎవరి మాటా దాటేది కాదు. అందుకని ఆ పొద్దున్నే కొరాపుట్ నుంచి ఇంజనీరు సౌమ్యరంజన్ వచ్చి దాలయ్య డాబా మీద కొత్త పెట్టె బిగించాడు. అది ఫోన్లకి వంతులు వేస్తుంది, రద్దీని చూసి వంతులు మారుస్తుంది.

"జాస్తి మాట్లాడే ఫోనుకి జాస్తి వంతు, సాహుకార్. పడుకున్న ఫోనుని వెనక్కి తోసేస్తుంది" అన్నాడు తనకొచ్చిన తెలుగులో.

"మరి నాదో?"

సౌమ్యరంజన్ తెర చూసి పెదవి విరిచాడు. "మీదా? అసలు బతికున్నట్టే కనబడ్డం లేదు."

అలా వెనక్కి తోసేస్తే గౌరీశ్వరి ఫోను దాలయ్యదాకా రాదు. పదింటిదాకా ఫోనుని మాటల్లో పెట్టాలి. ముందు బజారు చివరి కిరాణా కన్నయ్యకి కొట్టాడు.

"ఏటి సావుకారూ, రేటు పెరిగిందేటి?"

"లేదు. ఊరికే సేసేను."

"ఊరికేటి?"

"ఊరికేనయ్యా. బాగున్నావా అని."

"మీ ఒంట్లో బాగుందా?" అన్నాడు కన్నయ్య మెల్లిగా.

శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చిన ఆ జనానికి, పని లేకుండా పొద్దున్నే ఫోను వస్తే ఎవరో పోయినట్టు. ఎన్నడూ పలకరించని మనిషే చేస్తే, తనే పోబోతున్నట్టు. దాలయ్య తర్వాత కూరల ఎర్రమ్మకి కొట్టాడు.

"ఎర్రమ్మత్తా, నీ మోకాలెలాగుంది?"

"నా మోకాలితో నీకేటి పన్రా?" అని కసిరి, అంతలోనే ఎర్రమ్మ గొల్లుమంది. "ఓరి నాయనా, మింగేసేవేట్రా? ఏం పురుగుమందు?"

ఇంక ఆగలేదు. బజారంతా ఒకరికొకరు ఫోన్లు, అందరూ కలిసి దాలయ్యకి. జనం తక్కెళ్లు వదిలేసి కొట్టు ముందు మూగారు. మెట్ల మీద నిలబడి కూడా ఆయనకే ఫోను కొట్టారు. పెట్టె దాలయ్యకి అందరికన్నా పెద్ద వంతు ఇచ్చింది. పది కొట్టేసరికి ఆ వంతులో ఊరంతా ఉంది. ఒక ఫోను కోస్తే ఇంకొకటి. "కక్కీ బాబూ, కక్కీ!"

అవతల గౌరీశ్వరికి ఎన్నిసార్లు చేసినా బిజీయే. చివరికి ఎర్రమ్మకి చేసింది.

"ఆకరి సూపైనా దక్కుద్ది, బయల్దేరీయే అమ్మీ!"

మధ్యాహ్నం రాయగడ బస్సు కొట్టు ముందు ఆగింది. గౌరీశ్వరి ఏడుస్తూ దిగింది. జనం దారిచ్చారు. లోపల దాలయ్య, నున్నటి గడ్డంతో, ఎవరికో ఫోనులో తన నడుంనొప్పి విడమరిచి చెబుతున్నాడు. చెప్పడంలో కాస్త రుచి కూడా దొరికినట్టుంది.

ఆమె ఏడుపు ఆగిపోయింది.

"బాగానే ఉన్నారా?"

"ఆఁ."

"పొద్దున్నించీ ఎవుళితోటి మాటలు?"

"అందరితోటీ."

"నాతోటి తప్ప."

నీ కోసమేనే అని చెప్పాలి. పెట్టె, వంతులు, నెల రోజులుగా ఒక్కడికీ వండుకోబుద్ధి కాకపోవడం, అన్నీ గొంతుదాకా వచ్చాయి. జనమంతా చూస్తున్నారు. దాలయ్య నోరు తెరిచాడు.

"తిన్నావా?" అన్నాడు.

గౌరీశ్వరి కాసేపు ఎదురు చూసింది. ఇంకేమీ రాలేదు.

"తినే వచ్చేను" అని చెంగు దులుపుకుని, వెనక్కి తిరుగుతున్న బస్సు ఎక్కేసింది.

బస్సు ఖాళీగా ఉంది గనక వంతు కోసం చూడక్కర్లేకుండా కిటికీ పక్క సీటే దొరికింది.