కాసేపు కూర్చోండి

తెల్లవారేసరికి వీధి మొత్తం మంచులో మునిగి, ఇళ్ళన్నీ నీళ్ళలో వదిలిన బొమ్మల్లా తేలుతున్నాయి. ఆ మంచులోనే ఆవిడ ఇంటి ముందు మలుపులో తన పొడవాటి బెంచీకి చివరి పూత వేసింది. వేకువ ఆకాశపు నీలం కలపడానికే ఆమెకు నెల పట్టింది. పక్కపక్కన కూర్చుంటే మనుషులు ఒకరి గురించి ఒకరు ఆలోచిస్తారని ఆమె నమ్మకం. ఆ రోజు పురపాలక అధికారి వచ్చి, చూసి, సంతకం పెడితే బెంచీ అక్కడే ఉంటుంది. లేదంటే సాయంత్రానికి ఊడబెరుకుతారు.

"ముందు 'తడి రంగు, ముట్టుకోవద్దు' అన్న బోర్డు పెట్టండి. రెండోది రంగు ఆరాక పెడదాం," అని భర్తకు అప్పగించి స్నానానికి వెళ్ళింది.

అతను రెండు బోర్డులూ పక్కపక్కన పెట్టి చూశాడు. అంత అందమైన ఉదయానికి 'ముట్టుకోవద్దు' అనే మాట నప్పలేదు. రెండోదే తగిలించాడు: 'కాసేపు కూర్చోండి. పక్కవారిని తలుచుకోండి.' అతను సొంత తెలివి వాడిన రోజులు ఆ ఇంట్లో తేదీలతో సహా అందరికీ గుర్తే.

మొదట రిటైరైన లెక్కల మాష్టారు వచ్చారు. బోర్డు మీద రాసింది పాటించడం ఆయన వృత్తి ధర్మం కాబట్టి కూర్చున్నారు. చల్లగా తగిలితే మంచు అనుకున్నారు. లేవబోతే ప్యాంటు రానంది.

అంతలో టైలరు కనిపించాడు. ఒకసారి ప్యాంటు నడుము దగ్గర బిగువుగా కుట్టాడని అతనితో మూడేళ్ళుగా మాటల్లేవు.

"రావోయ్, కూర్చో," అన్నారు మాష్టారు.

టైలరు కళ్ళు చెమర్చాయి. కూర్చున్నాడు. "మాష్టారూ, ఏంటండీ ఇది, అంటుకుంటోంది?"

"మెల్లగా! పదిమంది అంటుకుంటే ఇక నవ్వేదెవరు?"

ఇద్దరూ కలిసి డ్యూటీకి వెళ్తున్న నర్సమ్మను పిలిచారు. నర్సమ్మ తన అత్తగారిని, అత్తగారు పక్కింటి వదినగారిని.

"ఎంత హాయిగా ఉందో రా వదినా! నేనొక్కదాన్నే అనుభవిస్తే ఏం బావుంటుంది?"

బెంచీ నిండిపోయింది. అందరూ భుజాలు ఆనించుకుని, మంచులోకి చూస్తూ, కలలో ఉన్నట్టు కూర్చున్నారు. కదిలే వీలు లేక కబుర్లు మొదలయ్యాయి. వదినగారి మోకాలి నొప్పి సంగతి వీధికి మొదటిసారి తెలిసింది. టైలరు ఆ ప్యాంటుకు క్షమాపణ చెప్పాడు. ఆ ఏడు తానే లావెక్కానని మాష్టారు ఒప్పుకున్నారు.

ఆవిడ స్నానం చేసి బయటికొచ్చి, నిండిన బెంచీనీ దాని మీది బోర్డునీ చూసింది. "ఏం చేశారండీ!"

"బోర్డు పెట్టాను."

చెప్పిన వేళకన్నా ముందే అధికారి కారు ఆగింది. "నేనొస్తే ఎక్కడైనా అందరూ లేచి నిలబడతారమ్మా. ఇక్కడ ఒక్కరూ కదల్లేదు. ఎంత లోతైన ఆలోచన!"

"మీరూ రండి సార్, సర్దుకుంటాం," అన్నారు మాష్టారు ప్రేమగా.

"వద్దు సార్, ఆ రంగు..." అంటూ ఆవిడ అడ్డం వెళ్ళబోయింది.

"రంగు అద్భుతం," అంటూ అధికారి కూర్చున్నారు. నిమిషం గడిచేసరికి ఆయన ముఖంలోనూ అదే గాఢమైన ధ్యానం కుదిరింది. కారులోని ఫైలు కోసం లేవబోయి, మళ్ళీ మెల్లగా సర్దుకున్నారు.

"ఫైలు ఇక్కడికే తెప్పించండి."

బెంచీ ఉండాలని సంతకం పెట్టారు. ఇంకో పన్నెండు వీధులకూ కావాలని కింద రాశారు. తర్వాత ఎంతో మృదువుగా అడిగారు: "అన్నట్టు, ఈ బోర్డు తగిలించిన మహానుభావుడెవరు?"

బెంచీ మొత్తం ఒక్కసారే తల తిప్పి భర్త వంక చూసింది.

పెళ్ళయిన పదహారేళ్ళలో తొలిసారిగా అతను, ఆ ఇంట్లో జరిగే ప్రతి మంచిపనీ తన భార్యదేనని నలుగురిలో ఒప్పుకున్నాడు.