అయస్కాంతం అంటిన గిన్నె

ఆదివారం చర్చిలో ఆరాధన పదకొండింటికి ముగుస్తుంది. ఆ తరువాత స్త్రీల సమాజం సభ్యులు ముప్పై మందీ జయకుమారి ఇంట్లో కలిసి, టీ తాగి, కొత్త సెక్రటరీని ఎన్నుకోవాలి. తొమ్మిదేళ్లుగా ఆ పదవి వెంకటరావమ్మది. ఈసారి తనకు రావాలని జయకుమారి మూడు నెలలుగా ఇల్లిల్లూ తిరిగింది. మిరపకోతల రోజుల్లో కూడా మానలేదు. ఇక మిగిలింది మంచి అల్లం టీ ఒక్కటే. పాలు తెప్పించింది. ఎనిమిదింటికి గ్యాస్ అయిపోయింది.

గుంటూరులో ఉద్యోగం చేసే కూతురు మహిమ కిందటేడు పంపిన కరెంటు పొయ్యి ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. జయకుమారి దాన్ని బయటికి తీసి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించి, అల్యూమినియం గిన్నె పెట్టింది. పొయ్యి కీచుకీచుమని ఆగిపోయింది. కూతురికి ఫోన్ చేసింది.

"అల్యూమినియం దానికి పనికిరాదమ్మా. గిన్నె అడుగున అయస్కాంతం అతుక్కోవాలి. స్టీల్లోనూ అంటుకునే రకం, అంటుకోని రకం ఉంటాయి. అడుగు చదునుగా ఉండాలి. ఆ బాక్సు పీకెయ్, కాలిపోద్ది. గోడకి లావు ప్లగ్గుందిగా, దానికి పెట్టు. ఖాళీ గిన్నె పెట్టి ఆన్ చెయ్యకు. గిన్నె దించాక పొయ్యి పైనున్న అద్దం మీద చెయ్యి పెట్టకు, వేడిగా ఉంటది."

"మా అత్త కూడా ఇన్ని ఆంక్షలు పెట్టలేదే," అంది జయకుమారి.

ఆమె భర్త యేసుపాదం పత్తి మిల్లులో కాటా దగ్గర పనిచేస్తాడు. పగిలిపోయిన స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి అతని దగ్గర ఉంది. దాన్ని ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటికీ పెట్టి చూశాడు. జయకుమారి ముచ్చటపడి కొన్న బరువైన స్టీలు గిన్నెకు కూడా అంటలేదు.

"అంటుకునేది ఎవరింట్లో ఉన్నా పట్టుకురా. పాలు విరిగిపోతాయి," అని తరిమింది.

యేసుపాదం అడిగినదానికి జవాబు చెబుతాడు. అడగనిది చెప్పడు. అది మంచితనమని అతని నమ్మకం.

పక్కింటి దీనమ్మ ఒక గిన్నె తెచ్చింది. కిందటి క్రిస్మస్‌కి వెంకటరావమ్మ స్వయంగా ఎంచి, ఎవరి పేరు వాళ్లకు చెక్కించి, సమాజం తరఫున అందరికీ పంచిన గిన్నె అది. జయకుమారి మాత్రం, మా ఇంట్లో గిన్నెలకు కరువా అని తనది తిప్పి పంపింది. యేసుపాదం ఆ గిన్నెను బోర్లించి అయస్కాంతం పెట్టాడు. టక్కున అంటుకుంది.

"అంటుకుంది!" అన్నాడు సంతోషంగా.

దీనమ్మ మొహం మాడిపోయింది. "అంటుకుందా? అయితే ఇనుమే బావా ఇది! మంచి స్టీలుకి అయస్కాంతం అంటదని కొట్టు ఆయనే చెప్పాడు. ఎంత మోసం చేసింది ఆ వెంకటరావమ్మ!"

"గిన్నె ఓసారి ఇస్తావా?"

"ఇవ్వను. సాక్ష్యానికి కావాలి."

రెండో ఇంట్లోనూ అదే గిన్నె, అదే జవాబు. నాలుగో ఇంటికి వెళ్లేసరికి ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లో ఎదురు చూస్తున్నారు. అన్నీ అంటుకున్నాయి. ఒక్కటీ చేతికి రాలేదు.

ఉత్తచేతులతో తిరిగొచ్చిన మొగుణ్ని జయకుమారి నిలదీసింది. "గిన్నెలు ఇనుమని ఎవరన్నారు?"

"దీనమ్మ."

"మరి నువ్వేం చెప్పావు?"

"నన్నెవరూ అడగలా."

జయకుమారి వేళ్ల మీద లెక్కేసింది. మూడు నెలలు తిరిగినా రాని ఓట్లు రెండు గంటల్లో వచ్చాయి. నిజం రేపు చెప్పొచ్చు అనుకుంది.

ఆరోజు ప్రసంగం ఎవరి చెవినా పడలేదు. పదకొండున్నరకు అందరూ గిన్నెలు ఒళ్లో పెట్టుకుని జయకుమారి ఇంటి హాల్లో కూర్చున్నారు. చివరగా వచ్చిన వెంకటరావమ్మ ఒక కొత్త గిన్నెను మధ్యలో పెట్టింది. దాని మీద జయకుమారి పేరుంది.

"ఇది పొయ్యెక్కని గిన్నె. చూసుకోండి," అంది.

యేసుపాదం అయస్కాంతం పెట్టాడు. అంటుకుంది. హాలంతా గోలగోలైపోయింది.

"చేతులెత్తే ముందు గొంతు తడుపుకుందాం. టీ ఏదే జయా?" అంది దీనమ్మ.

తన పేరున్న గిన్నెను తను తీసుకుంటే అడ్డెవరు? జయకుమారి దాన్ని వంటింట్లోకి పట్టుకెళ్లి, పాలు పోసి పొయ్యి మీద పెట్టింది. పొయ్యి కిక్కురుమనలేదు. టీ బ్రహ్మాండంగా మరిగింది. గిన్నె దించి, తొందరలో అద్దం మీద చెయ్యి ఆనించింది. చురుక్కుమంది.

హాల్లోకి వచ్చిన గిన్నెను వెంకటరావమ్మ చూసింది. "ఇనప గిన్నెలో మాకు టీ కాచావా?" అని, యేసుపాదం వైపు తిరిగింది. "ఏరా, పొద్దుట్నించీ ఆ అయస్కాంతం ఎందుకు పట్టుకు తిరుగుతున్నావు?"

ఆ మాట అతణ్ని అడిగింది ఆవిడొక్కతే.

"కరెంటు పొయ్యికి అయస్కాంతం అంటుకునే గిన్నే కావాలక్కా. నువ్వు తెచ్చినవి స్టీలే. అంటుకునే రకం, అంతే. మా మహిమ చెప్పింది. మా ఆవిడకీ తెలుసు."

దీనమ్మ తన గిన్నెను చీరకొంగుతో తుడుచుకుంది.

"వెంకటరావమ్మక్కే ఉండాలన్నవాళ్లు చేతులెత్తండి," అంది ఎవరో. ఇరవై తొమ్మిది చేతులు లేచాయి. గుమ్మంలో నిలబడిన జయకుమారి కాలిన వేళ్లను పైకెత్తి ఊదుకుంటోంది.

"ముప్పై," అంది దీనమ్మ. "ఏకగ్రీవం."

మర్నాడు గ్యాస్ సిలిండరు వచ్చింది. యేసుపాదానికి టీ మాత్రం గురువారం దాకా రాలేదు.