ఏసీ గదిలో పాసైన రాయి

"వెయ్యేళ్ళు! అలలు వచ్చి తల బాదుకోవాల్సిందే కానీ ఈ రాయి కదలదు!" అని రేవుల మంత్రిగారు వేదిక మీద ప్రకటించగానే చప్పట్లు మారుమోగాయి. కొట్టనిది రాళ్ళ పరీక్షల ఇంజనీరు ఒక్కడే. ఆ రాయిని అతను ఇంకా పరీక్షించలేదు.

రేవు ముందు కట్టబోయే అలలగోడకి ఆ రాయి. గోడ వెనకాల కట్టేసే పడవల్లో ఇంజనీరు బావమరిదిది ఒకటి. ఇంటిల్లిపాదికీ అదే కూడు పెడుతోంది. అందుకే ఇంజనీరు రాయిని పద్ధతి ప్రకారం ఉప్పునీళ్ళలో నానబెట్టాడు, ఓవెన్‌లో ఆరబెట్టాడు, మళ్ళీ నానబెట్టాడు. రాయి పొరలు పొరలుగా ఊడొచ్చింది.

మంత్రిగారు పిలిపించారు. పక్కనే క్వారీ యజమాని, అంటే మంత్రిగారి వియ్యంకుడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"రాయిని చిత్రహింసలు పెట్టావటయ్యా?"

"సముద్రం చేసే పనే చేశానండీ."

"సముద్రంలో ఓవెన్ ఎక్కడుంది?"

"ఎండ ఉందండీ."

"ప్రతిపక్షంలా మాట్లాడకు. మంచినీళ్ళతో చెయ్యి."

మంచినీళ్ళలోనూ బీటలిచ్చింది.

"అసలు నీళ్ళెందుకు?" అన్నారు మంత్రిగారు. ఇంత సూటి ప్రశ్న ఇన్నాళ్ళూ ఒక్క శాస్త్రవేత్తకైనా తట్టకపోవడం విచారకరం.

కొత్త రాయిని మంత్రిగారి ఏసీ గదిలో, అద్దాల పెట్టెలో, మెత్తటి గుడ్డ మీద పెట్టారు. నెల గడిచినా గీత పడలేదు. పాసైందని రాయడానికి ఇంజనీరు ఒప్పుకోలేదు. మంత్రిగారు పెద్దమనసుతో ఆ సంతకం తానే పెట్టి, అతన్ని ఆ రాయికి సంరక్షణాధికారిగా వేశారు.

గోడ లేచింది. "దాన్ని నమ్ముకోకురా" అని ఇంజనీరు మొత్తుకుంటే బావమరిది నవ్వేశాడు.

"అంత పెద్ద మంత్రి వెయ్యేళ్ళన్నాడు. నీకన్నీ అనుమానాలే బావా!"

ఇంజనీరుకి ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువ భయమేసింది.

వానాకాలంలో తుపాను కబురొచ్చింది. గోడ ఉంది కదా అని పడవల వాళ్ళు నిశ్చింతగా ఉన్నారు. మంత్రిగారు మాత్రం నిశ్చింతగా లేరు.

"రాయిని వెంటనే గుట్ట మీది గెస్ట్‌హౌస్‌కి చేర్చు. అది తడిసిందో, నీ ఉద్యోగం ఊడినట్టే!" అని ఇంజనీరుకి ఫోన్ చేశారు.

పెట్టెను లారీకెక్కించాక ఇంజనీరు కాసేపు ఆలోచించాడు.

"రేవు వీధి మీదుగా పోనియ్."

"చుట్టు అవుతుంది సార్" అన్నాడు డ్రైవరు.

"వీఐపీ రాయి. నెమ్మదిగా, హారన్ కొడుతూ వెళ్ళాలి."

వల సర్దుకుంటున్న బావమరిది హారన్‌కి తలెత్తాడు. "ఏంటి బావా, ఎక్కడికి?"

"పరీక్ష పాసైన రాయిరా. గాలివానకి ఏమైపోతుందోనని మంత్రిగారు దాచమన్నారు."

బావమరిది పెట్టెలో రాయిని చూశాడు. గోడ వైపు చూశాడు. వీధంతా వినబడేలా కేక పెట్టాడు. "ఒరేయ్! రాయే పారిపోతోంది రోయ్!"

చీకటిపడేలోగా రేవులో ఒక్క పడవ మిగల్లేదు. అన్నిటినీ లారీ వెళ్ళిన దారినే పైకి లాగేశారు.

తెల్లారేసరికి గోడ కూడా మిగల్లేదు.

మంత్రిగారు విలేకరులను గెస్ట్‌హౌస్‌కి పిలిపించారు. "ఇంత తుపానులో ఒక్క పడవైనా పోయిందా? అదీ మన గోడ! రెండో గోడకీ ఇదే రాయి వాడుతున్నాం. నాణ్యత మీద అనుమానముంటే మీ కళ్ళతో మీరే చూసుకోండి" అంటూ అద్దాల పెట్టె వైపు చెయ్యి చాపారు.

విలేకరులు దగ్గరికెళ్ళి చూశారు. రాయి చెక్కుచెదరలేదు.