గుమాస్తాగారి అర్జెంటు కన్ను

అర్జెంటుగా కావలసిన వైద్యం మూడు వారాల తర్వాత దొరకడం మానవజన్మకు దక్కిన మహా వరం! కాదనేవాళ్లు నాతో వాదనకు రావచ్చు. ముందు అపాయింట్‌మెంటు తీసుకుని రండి.

మా ఇంట్లో గుమాస్తా అని ఒక కుక్క ఉన్నాడు. రోజంతా గుమ్మం దగ్గర కూర్చుని, వచ్చేవాణ్నీ పోయేవాణ్నీ పైనుంచి కిందిదాకా చూసి, అనుమానం తీరాకే వదులుతాడు కాబట్టి ఆ పేరు. జీతం లేదు, సెలవు లేదు. లంచం మాత్రం బిస్కెట్ల రూపంలో పుచ్చుకుంటాడు.

ఒక శుక్రవారం పొద్దున పక్కింటి పిల్లితో వాడికి సరిహద్దు తగాదా వచ్చింది. అది వాడి ఎడమ కంటిని గీరి గోడెక్కింది. కన్ను ఎర్రబడింది. రెప్ప తెరవలేక, ముంగాలితో రుద్దుకుంటూ వాడు సోఫా వెనక ముడుచుకున్నాడు.

జంతువుల క్లినిక్కుకు ఫోన్ చేశాను. కౌంటర్లో అమ్మాయి ఎంత మర్యాదస్తురాలో!

"రక్తం కారుతోందా సార్?"

"లేదమ్మా, నీళ్లు కారుతున్నాయి. కన్ను తెరవడం లేదు."

"అయితే ఎమర్జెన్సీ కాదు సార్, అర్జెంటు. ఎమర్జెన్సీ కింద రాయమంటే ఇప్పుడే చూస్తారు, ఫీజు నాలుగింతలు. అర్జెంటుకైతే మామూలు ఫీజే, మూడు వారాలు ఆగాలి."

"మరి మామూలు కేసులకో?"

"వాటికి రెండు నెలలు సార్. అందుకేగా అర్జెంటు విడిగా పెట్టాం!"

నాలుగింతలంటే నా సగం జీతం. "అర్జెంటే రాసుకోమ్మా" అన్నాను. పేషెంటు పేరు అడిగింది. చెప్పాను. 'గారు' చేర్చి మరీ రాసుకుంది.

ఇక లాభాలు చూడండి. మొట్టమొదటిది ఓపిక. ఆలస్యం అమృతం విషం అన్నవారెవరో గానీ, బొత్తిగా తొందర మనిషి! ఉచిత పశువుల ఆసుపత్రికి వాణ్ని మోసుకెళ్లాను. కంటి డాక్టరు గురువారాలు మాత్రమే వస్తారట. పిల్లి గీరిందేమో శుక్రవారం. తప్పెవరిది? కుక్కలకు కూర్చో, లే, చెయ్యి ఇవ్వు అని నేర్పుతాం గానీ వారాల పేర్లు నేర్పామా?

తర్వాత చుట్టుపక్కల వైద్యులు పుట్టుకొచ్చారు. పైవాటాలో ఉండే ఎలక్ట్రీషియన్ టార్చి వేసి చూసి, "లైను ఉంది సార్, వోల్టేజీయే తక్కువ" అని తేల్చాడు. మా బావమరిది పూటకో వీడియో పంపాడు. అందులో ఒకటి గుర్రాలది. కంటి ఫొటో ఫోన్లో పెడితే నలభై మంది త్వరగా కోలుకోవాలన్నారు. ఒకాయన మీ దగ్గర కుక్కపిల్లలు అమ్ముతారా అని అడిగాడు. డాక్టరు వెంటనే దొరికి ఉంటే ఇంతమంది ప్రతిభ మరుగున పడిపోయేది కాదూ?

నాలుగో రోజుకు కంటి మీద తెల్లగా మబ్బు కమ్మింది. వాడు తిండి మానేశాడు. బిస్కెట్టు చూపించినా తల తిప్పుకున్నాడు.

మాతోనే ఉండే మా అత్తగారికి గుమాస్తా అంటే గిట్టదు. వాడొచ్చిన రోజు నుంచీ 'దరిద్రపు కుక్క' అనే తప్ప మరో పేరుతో పిలిచి ఎరగరు. అలాంటావిడ ఆ పొద్దున వాణ్ని తన పాత శాలువాలో చుట్టి ఎత్తుకున్నారు.

"ఇంకా పద్దెనిమిది రోజులుంది అత్తయ్యా" అన్నాను.

"కన్ను పోయాక డాక్టరెందుకు అల్లుడుగారూ, కళ్లజోడు కొనడానికా? బండి తీయండి!"

క్లినిక్కులో అపాయింట్‌మెంటు లేనిదే చూడరన్నారు. "చూపించుకోవడానికి రాలేదమ్మా, కూర్చోవడానికొచ్చాం" అని మా అత్తగారు కౌంటరుకు ఎదురుగా కూర్చున్నారు. రెండు గంటలు కదల్లేదు. చివరికి టీ తాగడానికని బయటికొచ్చిన డాక్టరే ఆ శాలువా దగ్గర ఆగాడు. కంట్లో రంగు చుక్క వేసి, నీలం లైటుతో చూశాడు. మొత్తం ఎనిమిది నిమిషాలు. రాసిచ్చిన చుక్కల మందు టూత్‌పేస్టు కన్నా చవక.

"మొదటి రోజే తెచ్చుంటే ఈ మందుతోనే కన్ను దక్కేదండీ. ఇప్పుడు నొప్పి తగ్గుతుంది, పుండు మానుతుంది. చూపు మాత్రం రాదు" అన్నాడు.

మా అత్తగారు శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. నాలుగింతల ఫీజుకు జంకి 'అర్జెంటే రాసుకో' అన్న నోరు నాదే. అది తలచుకుంటే ఇప్పటికీ వాడి మొహంలోకి చూడలేను.

అయినా వరాలు ఆగలేదు! పక్కింటి పిల్లి తెలివైనది, ఇప్పుడు ఎడమ వైపు నుంచే వస్తోంది. వాడికి కనబడదు. తగాదాలు లేవు, గోడకు అటూ ఇటూ శాంతి! గుమ్మం దగ్గర మా అత్తగారు వాడికి ఎడమ పక్కన కుర్చీ వేసుకున్నారు. అటునుంచి ఎవరొచ్చినా "ఒరేయ్ దరిద్రపు కుక్కా, పాలవాడొచ్చాడు" అని చెబుతారు. వాడు ఆవిడ మాట నమ్మి మొరుగుతాడు.

నిన్న ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. "గుమాస్తా గారికి నమస్కారం. మీ ఎడమ కంటి అర్జెంటు పరీక్ష రేపు ఉదయం పదిన్నరకు. ఆలస్యంగా వస్తే చూడబడదు."

పైకి చదివి వినిపించాను. మా అత్తగారు లేచి శాలువా దులిపారు.

"పదిన్నరకెందుకు, పదింటికే వెళ్దాం. ఆలస్యంగా వచ్చిందెవరో అడిగి వద్దాం" అన్నారు. ఈసారి కుర్చీ కూడా ఇంటి నుంచే తెచ్చుకుంటారట.