మబ్బు పాట మూగబోయిన పూట

ఆదివారం ఉదయం మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతుర్ని పాటల క్లాసులో దింపి, పక్క వీధిలో జుట్టు కత్తిరించుకుని, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళడం. రోజూ పది అంతస్తుల గోతి మీద వేలాడుతూ లిఫ్టులు బాగుచేసే మనిషికి ఇదో పనా!

"దింపి వెళ్ళిపోతారా? భలేవారే!" అంది పాటల టీచరు. "మా దగ్గర అమ్మో నాన్నో ముందు పాడాలి. వాళ్ళని చూసి పిల్లలు పాడతారు. మీ ఆవిడ చెప్పలేదా?"

చెప్పలేదు. చెబితే రాడని ఆవిడకి తెలుసు. నర్సు ఉద్యోగం ఆవిడది, ఇవాళ క్లినిక్‌లో డ్యూటీ పడింది.

మెకానిక్ గుమ్మం వైపు చూశాడు. చిన్నప్పుడు బడిలో అతను పాడితే క్లాసంతా పడీ పడీ నవ్వింది. ఆ తరవాత అతను పాట జోలికి పోలేదు. పైగా నాలుగేళ్ళ కూతురు "మా నాన్నకి అన్నీ వచ్చు" అని అప్పుడే అందరికీ చెప్పేసింది. ఆ మాట ఈ పూటతో గంగలో కలుస్తుందని అతని భయం.

టీచరు కీబోర్డు నొక్కింది. మబ్బు పాట. పెద్దవాళ్ళు అందుకున్నారు. మెకానిక్ తెలివిగా నోరు మాత్రం ఆడించాడు.

పిల్లల వంతు వచ్చింది. కూతురు నాన్నను కళ్ళార్పకుండా చూసి, అచ్చం అలాగే చేసింది. ఇదేదో బాగుందని పక్కపిల్ల ఆమెను చూసి చేసింది, ఆ పిల్లను చూసి మిగతావాళ్ళు. గది నిండా చిన్న చిన్న నోళ్ళు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. చప్పుడు లేదు.

టీచరు తన చెవులు పోయాయనుకుని హడలిపోయింది. కీబోర్డు నొక్కి చూసింది. వినిపించింది. ఇంకా హడలిపోయింది.

"పిల్లలకి గొంతులు పోయాయి!" అని ఒక తల్లి కెవ్వుమంది. "మీ పాపతోనే మొదలైంది, నేను చూశాను! ఒంట్లో బాగా లేదా?"

"పొద్దున... కొంచెం గొంతునొప్పి అంది" అని మెకానిక్ నోటికొచ్చిన అబద్ధం ఆడాడు. ఆడాక గానీ ఎంత పని చేశాడో అర్థం కాలేదు.

తల్లులు పిల్లల్ని లాక్కుని గోడలకు అంటుకుపోయారు. ఒకావిడ కిటికీలు తెరిచింది. తెరిస్తే జబ్బు పాకుతుందని ఒకాయన మూశాడు.

"ఏదీ, నాతో మాట్లాడు తల్లీ" అంది టీచరు దూరం నుంచే.

పాప పద్ధతి ప్రకారం నాన్న వంక చూసింది. అతను ఏదో చెప్పబోయాడు. నాలుక పిడచకట్టుకుపోయి నోరు తెరుచుకుంది తప్ప మాట రాలేదు. పాప కూడా అలాగే నోరు తెరిచింది.

టీచరు ఫోన్ అందుకుంది. "మీ పాపకి మాట పడిపోయిందమ్మా, వెంటనే రండి!"

గది మధ్యలో కూతురు ఒక్కతే మిగిలింది. అందరూ తనను చూసి ఎందుకు భయపడుతున్నారో తెలియక కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. అయినా నాన్ననే చూస్తూ నోరు ఆడిస్తూనే ఉంది. అతని గుండె తరుక్కుపోయింది. పరువుదేముంది, పోతే పోయింది. కళ్ళు మూసుకుని మబ్బు పాట ఎత్తుకున్నాడు.

టీచరు చేతిలోంచి ఫోన్ జారింది. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి కూడా భయమేసింది.

కూతురు కళ్ళు తుడుచుకుని, సరిగ్గా ఆ అపశ్రుతిలోనే అందుకుంది. మిగతా పిల్లలు చేతులు విడిపించుకుని వచ్చి గొంతు కలిపారు. "ఇంకా గట్టిగా నాన్నా!" అంటూ అతని వేలు పట్టుకుని ఊపింది పాప.

పరుగున వచ్చిన నర్సు గుమ్మంలోనే ఆగిపోయింది. "అయ్యో, పిల్లలంతా ఏమిటలా ఏడుస్తున్నారు?"

"ఏడవడం లేదమ్మా, పాడుతున్నారు" అంది టీచరు నీరసంగా. "మీవారే నేర్పారు."